పొయ్యిలో పిల్లి లేచిందా?

తొమ్మిదో తరగతికి కణవిభజన పాఠం చెప్పి, సుద్దముక్క బల్లమీద పెట్టి చేతులు దులుపుకుంటున్నాను. మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది.

"మాష్టారూ, మా పిన్నికి కాన్సరని మందు ఎక్కిస్తున్నారు. రెండు వారాలకొకసారి పట్నం వెళ్ళొస్తోంది. జుట్టంతా ఊడిపోయింది. అన్నం సయించడం లేదు. ఇంత బాధ పెడుతున్న ఆ మందు లోపల పని చేస్తోందో లేదో డాక్టర్లకి ఎలా తెలుస్తుంది?"

"గడ్డ తగ్గుతుంది కదమ్మా, దాన్నిబట్టి తెలుస్తుంది" అన్నాను.

"అది తగ్గేదాకా తెలియదా మరి?"

ఇంతలో గంట కొట్టారు. నేను బతికిపోయాను. కాని ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నేను చెప్పిన జవాబు తప్పు కాదు గాని, చాలా పాత జవాబు. కొత్త జవాబు వెతుక్కుంటూ పోతే చక్కెర, పరమాణు కేంద్రకం, పదార్థానికి ప్రతిపదార్థం, గోళం ఘనపరిమాణం – మీరు పుస్తకాల్లో విడివిడిగా చదువుకునే సంగతులన్నీ ఒక్కచోట ఎదురయ్యాయి. ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతాను.

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన ఈ జబ్బులో కణాలు అదుపు తప్పి విభజన చెందుతూ పోతాయని మీకు తెలుసు. కాన్సరు మందుల్లో చాలా వాటికి ఉన్న పని ఒక్కటే: విభజన చెందుతున్న కణాన్ని పట్టుకుని దెబ్బ తీయడం. వెంట్రుకల కుదుళ్ళలోనూ, పేగుల లోపలి పొరలోనూ, ఎముకల మూలుగలోనూ ఉండే మంచి కణాలు కూడా గబగబా విభజన చెందేవే. అందుకని ఆ దెబ్బ వాటికీ తగులుతుంది. జుట్టు రాలడానికీ, అన్నం సయించకపోవడానికీ కారణం అదే. అవి కోలుకోవడానికి వ్యవధి ఇస్తూ, మందును విడతలు విడతలుగా నెలల తరబడి ఎక్కిస్తారు.

ఈ కష్టమంతా పడ్డాక గడ్డ లొంగితే సరే. లొంగకపోతే? ఒకరికి పనిచేసిన మందు, అదే జబ్బు ఉన్న ఇంకొకరికి పనిచేయకపోవచ్చు. ఆ సంగతి ఆరు నెలలకు తెలిస్తే, ఆరు నెలల బాధ వృథా. అంతకన్నా ముఖ్యం, ఇంకో మందు మొదలుపెట్టవలసిన కాలం వృథా. అందుకే ఆ అమ్మాయి "తగ్గేదాకా తెలియదా?" అని అడిగిన ప్రశ్న చిన్నది కాదు.

లెక్కపెట్టగలిగే జబ్బు

ఈ కథ మొదట్లో మన భీమవరంలో పుట్టిన ఒకాయన ఉన్నాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) పేరు మీరు వినే ఉంటారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని తయారుచేసింది. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కావాలి. అమినోప్టెరిన్ చూడడానికి అచ్చం ఆ ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది. కణం మోసపోయి దాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నాక పని ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఈ మందును రక్తకాన్సరు ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948లో ఈ సంగతి అచ్చయింది. పిల్లల రక్తకాన్సరును మందు వెనక్కి నెట్టగలదని లోకం నమ్మింది అప్పుడే.

కణాన్ని బోల్తా కొట్టించే ఈ 'దొంగ విటమిను' ఉపాయాన్ని గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఫార్బర్‌కి ఒక సౌకర్యం ఉంది. అది రక్తంలో జబ్బు. ఒక చుక్క రక్తం తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే చెడ్డ కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టవచ్చు. గొంతు దగ్గరో, ఊపిరితిత్తుల మధ్యనో, పొట్ట లోపలో ఉన్న గడ్డని అలా లెక్కపెట్టడం కుదరదు. దాన్ని తడిమి చూడాలి, లేదా ఫోటో తీసి కొలవాలి.

నిమ్మకాయలు, బొంత

తడిమి కొలవడం ఎంత నమ్మకమైన పనో మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. నాలుగైదు సైజుల నిమ్మకాయలు తీసుకోండి. ఒకే కొలత ఉన్నవి రెండైనా ఉండాలి. వాటిని పరుపుమీద పేర్చి పైన బొంత కప్పండి. తమ్ముణ్ణీ, చెల్లెల్నీ, పక్కింటి వాళ్ళనీ పిలిచి, బొంత మీదనుంచే ఒక్కొక్క కాయ అడ్డుకొలత స్కేలుతో కొలిచి రాయమనండి. తర్వాత వాళ్ళ కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. నవ్వొస్తుంది.

ఈ ఆట నేను కల్పించింది కాదు. 1976లో అమెరికాలో మోర్టెల్, హాన్లీ అనే ఇద్దరు కాన్సరు వైద్యులు చేసిన ప్రయోగమే ఇది. మెత్తటి పరుపుమీద 12 గోళాలు పెట్టి, పైన నురగరబ్బరు కప్పి, బాగా అనుభవమున్న 16 మంది వైద్యుల చేత కొలిపించారు. గడ్డ నాలుగోవంతు తగ్గితే చాలు, మందు పనిచేసినట్టే అని నియమం పెట్టుకుంటే, నిజానికి ఏమీ తగ్గకపోయినా తగ్గిందని పొరబడే సందర్భాలు నూటికి ఇరవై దాకా వచ్చాయి. ఒకరు కొలిచినదాన్ని మరొకరి కొలతతో పోలిస్తే ఇంకా ఎక్కువ. సగం తగ్గాలి అని నియమం పెడితే పొరపాట్లు నూటికి ఏడెనిమిదికి దిగాయి. ఆనాటి నుంచి 'సగం' అనే మాటకి వైద్యంలో విలువ వచ్చింది.

తర్వాత సి.టి. స్కాను వచ్చింది. ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ చేసిన యంత్రం 1971లో మొదటి రోగి తలను ఫోటో తీసింది. ఇప్పుడు మిల్లీమీటర్లలో కొలవవచ్చు. 2000 నుంచి వాడుకలో ఉన్న అంతర్జాతీయ నియమం ప్రకారం, గడ్డల అడ్డుకొలతల మొత్తం నూటికి 30 తగ్గితే మందు పనిచేసినట్టు లెక్క.

ముప్పయ్యేనా అంటారేమో, కాస్త కాగితం తీసుకోండి. గడ్డ గుండ్రంగా ఉందనీ, దాని వ్యాసం 4 సెంటీమీటర్లనీ అనుకుందాం. 30 శాతం తగ్గితే 2.8 సెంటీమీటర్లు. గోళం ఘనపరిమాణం వ్యాసం ఘనాన్ని బట్టి మారుతుంది గనుక, 0.7ను 0.7తో రెండుసార్లు గుణించండి. 0.343 వచ్చింది కదూ! అంటే వ్యాసం ముప్పయి శాతం తగ్గేసరికే గడ్డలో మూడింట రెండు వంతులు పోయింది. ఇదే లెక్కని తిప్పి చూడండి. గడ్డలో నాలుగోవంతు పైగా పోయినా వ్యాసం 4 నుంచి 3.6కి మాత్రమే వస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల తేడాని చూసి ఏ డాక్టరూ ధైర్యంగా మాట చెప్పలేడు.

పైగా కణం చచ్చిన వెంటనే మాయం కాదు. ఆ శవాల్ని ఒళ్ళు నెమ్మదిగా ఎత్తి పారేయాలి. ఆ చోట పీచు పేరుకోవచ్చు, మచ్చ మిగలవచ్చు. ఆ అమ్మాయి పిన్నిది హాడ్జ్‌కిన్ లింఫోమా అనే జబ్బు. మెడలోనూ ఛాతీలోనూ లింఫు గ్రంథులు ఉబ్బుతాయి. ఈ జబ్బులో ఒక విచిత్రం ఉంది. ఆ ఉబ్బిన గడ్డలో అసలు కాన్సరు కణాలు సామాన్యంగా నూటికి ఒకటో రెండో ఉంటాయి. మిగతావన్నీ వాటి చుట్టూ పోగైన మన సొంత రక్షక కణాలే. జబ్బు పూర్తిగా నయమైనా గడ్డ ఆనవాలు ఛాతీలో ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చు. అటువంటప్పుడు గడ్డ ఎంత ఉందని స్కేలు పట్టుకుని ఏం లాభం?

ఇంటి కొలత కాదు, పొయ్యి కావాలి

మన పల్లెల్లో ఒక మాట ఉంది. ఏ ఇంట్లోనైనా వంట లేకపోతే "వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు. గ్యాసు పొయ్యిల ఇళ్ళలో పుట్టిన మీకు ఇది వింతగా ఉంటుంది. కట్టెల పొయ్యి ఆరిపోయాక ఆ బూడిద వెచ్చగా ఉంటుంది. పిల్లి వచ్చి అందులో ముడుచుకుని పడుకునేది. పొద్దున్నే పొయ్యి రాజేస్తే లేచి పోయేది. లేవలేదంటే ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదన్నమాట. ఇల్లు ఎంత పెద్దదో చూస్తే లోపల మనుషులు ఉన్నారో లేదో తెలియదు. పొయ్యి వెలుగుతోందో లేదో చూస్తే తెలుస్తుంది.

గడ్డ విషయంలోనూ అంతే. దాని పొయ్యిని ఎలా చూడడం?

1920లలో జర్మనీలో ఆటో వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త కాన్సరు కణాలు గ్లూకోజును విపరీతంగా మింగుతాయని గమనించాడు. మామూలు కణం ఆక్సిజన్ అందుతున్నప్పుడు ఒక్క గ్లూకోజు అణువును పూర్తిగా దహించి, సుమారు 30 ఏ.టి.పి. అణువుల శక్తిని రాబట్టుకుంటుంది. కాన్సరు కణం ఆక్సిజన్ పక్కనే ఉన్నా దాన్ని సగంలో వదిలేసి, లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటికి పారబోస్తుంది. దానికి గిట్టేది గ్లూకోజుకు 2 ఏ.టి.పి.లే. దుబారా మనిషి సంసారంలా ఉంది కదా! ఎందుకిలా చేస్తుందన్న దానిమీద ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి. కొత్త కణాలు కట్టడానికి కావలసిన ముడిసరుకు అలా దొరుకుతుందన్నది ఒక జవాబు. కారణం ఏదైనా, చక్కెర ఎక్కువగా ఎక్కడికి పోతోందో చూడగలిగితే పొయ్యి దొరికినట్టే.

ఇప్పుడు మన 'దొంగ విటమిను' ఉపాయం గుర్తు చేసుకోండి. అలాగే దొంగ చక్కెర కూడా ఉంది. గ్లూకోజు అణువులో రెండో కార్బన్‌మీద ఉండే ఆక్సిజన్–హైడ్రోజన్ జంటను తీసేసి, ఆ చోట ఒక ఫ్లోరిన్ పరమాణువును పెడతారు. దీని పేరు ఫ్లోరోడీఆక్సీగ్లూకోజు. పొడుగు పేరు గనుక ఎఫ్.డి.జి. అంటారు. మామూలు ఫ్లోరిన్‌తో దీన్ని మొదట 1968లో ప్రాగ్ నగరంలో తయారుచేశారు. కణం గుమ్మం దగ్గర కాపలా ఉండే ప్రోటీను దీన్ని గ్లూకోజే అనుకుని లోపలికి పంపిస్తుంది. లోపల ఎంజైము ఒకటి దీనికి ఫాస్ఫేటు కూడా తగిలిస్తుంది. ఆ తర్వాతి మెట్టులో దొంగతనం బయటపడుతుంది. ముందుకు పోలేదు, ఫాస్ఫేటు తగిలించుకున్నాక గుమ్మం దాటి వెనక్కీ రాలేదు. అక్కడే చిక్కుకుపోతుంది. ఎక్కువ చక్కెర లాక్కునే కణంలో ఎక్కువగా పోగవుతుంది.

చిక్కుకున్నదాన్ని బయటినుంచి చూడాలంటే అది వెలగాలి. అందుకని మామూలు ఫ్లోరిన్‌కు బదులు ఫ్లోరిన్–18 వాడతారు. దాని కేంద్రకంలో 9 ప్రోటాన్లు, 9 న్యూట్రాన్లు ఉంటాయి. మామూలు ఫ్లోరిన్‌కంటే ఒక న్యూట్రాన్ తక్కువ. నిలకడ లేని ఈ కేంద్రకంలో ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారిపోతూ ఒక పాజిట్రాన్‌ను బయటికి విసురుతుంది. పాజిట్రాన్ అంటే ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్. 1932లో ఆండర్సన్ కనిపెట్టాడు. ఇది మన కండలో ఒక మిల్లీమీటరు వెళ్తుందో లేదో, ఒక మామూలు ఎలక్ట్రాన్ ఎదురవుతుంది. పదార్థమూ ప్రతిపదార్థమూ కలుసుకుంటే ఏమవుతుందో తెలుసుగా! రెండూ మాయమైపోయి, వాటి ద్రవ్యరాశి అంతా రెండు గామా కిరణాలవుతుంది. ఒక్కొక్కదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఒకటి ఇటు పోతే రెండోది సరిగ్గా అటు పోతుంది.

రోగి చుట్టూ గాజులాగా అమర్చిన గ్రాహకాల వలయం ఉంటుంది. ఎదురెదురుగా ఉన్న రెండు గ్రాహకాలకు ఒకే క్షణంలో కిరణాలు తగిలాయంటే, ఆ రెండింటినీ కలిపే గీతమీద ఎక్కడో ఫ్లోరిన్ ఉందన్నమాట. ఇలాంటి గీతలు లక్షల కొద్దీ గీస్తే, అవి ఒకదాన్నొకటి ఖండించుకునే చోట గడ్డ కనిపిస్తుంది. ఇదే పాజిట్రాన్ ఎమిషన్ టోమోగ్రఫీ, పొట్టిగా పెట్ స్కాను. సాధారణంగా దీన్నీ సి.టి. స్కానునీ ఒకే యంత్రంలో కలిపే తీస్తారు. సి.టి. ఇంటిని చూపిస్తుంది, పెట్ పొయ్యిని చూపిస్తుంది.

ఫ్లోరిన్–18 అర్ధాయువు 110 నిమిషాలు. సైక్లోట్రాన్‌లో ప్రోటాన్లను వేగంగా తిప్పి, ఆక్సిజన్–18 ఉన్న నీటిమీదికి కొడితే ఇది పుడుతుంది. పుట్టిన గంటా యాభై నిమిషాలకు సగం మిగులుతుంది. ఐదున్నర గంటల ప్రయాణం చేసి ఆసుపత్రికి చేరిందనుకోండి, ఎంత మిగిలి ఉంటుంది? ఎనిమిదో వంతు. 1976 ఆగస్టులో ఎఫ్.డి.జి.ని మొట్టమొదటిసారి మనుషులకు ఎక్కించినప్పుడు, న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హావెన్‌లో తయారుచేసి విమానంలో ఫిలడెల్ఫియాకు తీసుకువెళ్ళారు. మన దేశంలో వైద్యం కోసం తొలి సైక్లోట్రాన్ 2002లో ముంబైలోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో పనిచేయడం మొదలుపెట్టింది.

ఇంకో ముచ్చట. పాజిట్రాన్‌ను విసిరేశాక ఫ్లోరిన్–18 ఏమవుతుంది? ఆక్సిజన్–18 అవుతుంది. అంటే దొంగ చక్కెరలో ఫ్లోరిన్ ఉన్నచోట ఆక్సిజన్ వచ్చి, అది దొరబాబులా అసలైన చక్కెరగా మారిపోయి, కణంలో అందరితోపాటు ఖర్చయిపోతుంది!

రెండు విడతల తర్వాత

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి పెట్ స్కాను తీస్తారు. గడ్డలు దీపాల్లా వెలుగుతాయి. హాడ్జ్‌కిన్ జబ్బుకి సామాన్యంగా నాలుగు మందులు కలిపి ఇస్తారు. (వాటిలో విన్‌బ్లాస్టిన్ అనేది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు మొక్కలోది.) ముదిరిన జబ్బుకైతే నెలకొక విడత చొప్పున ఆరు విడతలు. అన్నీ అయ్యేదాకా ఆగకుండా, రెండు విడతలు కాగానే మళ్ళీ స్కాను తీస్తే?

ఇటలీ, డెన్మార్కు వైద్యులు 260 మంది రోగుల్లో ఇలా చేసి చూసి 2007లో ప్రకటించారు. రెండో విడత తర్వాత వెలుగు ఆరిపోయినవారిలో, రెండేళ్ళ తర్వాత నూటికి 95 మందికి జబ్బు తిరగబెట్టలేదు, ముదరలేదు. వెలుగు ఇంకా ఉన్నవారిలో అలా బాగున్నవారు నూటికి 13 మందే. అందరికీ ఇచ్చిన మందు దాదాపు ఒకటే. ఆరు నెలల వైద్యం ఎటు పోతుందో రెండు నెలలకే చాలావరకు తెలిసిపోయిందన్నమాట.

అయితే వెలుగు ఉందా లేదా అన్నది ఎవరు చెప్పాలి? ఒక డాక్టరు కంటికి మసకగా ఉన్నది ఇంకొకరి కంటికి వెలుగుగా కనిపించవచ్చు. మళ్ళీ బొంత కింద నిమ్మకాయల గొడవే! 2009లో ఫ్రాన్సులోని దోవిల్ పట్టణంలో నిపుణులు కూర్చుని ఒక తేలికైన కొలబద్ద నిర్ణయించారు. ఆ కొలబద్ద రోగి ఒంట్లోనే ఉంది: అతని కాలేయం. కాలేయం ఎప్పుడూ కొంచెం చక్కెర తీసుకుంటూనే ఉంటుంది. గడ్డ వెలుగు దానికి మించకపోతే 1, 2, 3 మార్కులు, పొయ్యి ఆరినట్టే. కాలేయాన్ని మించితే 4, బాగా మించినా, కొత్తచోట వెలుగు కనిపించినా 5. పరీక్షల్లో మార్కులు ఎక్కువ వస్తే మీకు సంతోషం గాని, ఇక్కడ తక్కువ వస్తేనే సంతోషం.

ముందే తెలిసి ఏం చేస్తారన్నది అసలు ప్రశ్న. నాలుగు మందుల్లో బ్లియోమైసిన్ అనేది ఊపిరితిత్తుల్ని పాడుచేయగలదు. 2016లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో బ్రిటన్, ఇటలీ, ఆస్ట్రేలియా మొదలైన దేశాలనుంచి ముదిరిన హాడ్జ్‌కిన్ జబ్బు ఉన్న 1,214 మంది చేరారు. రెండు విడతల తర్వాత స్కాను తీస్తే నూటికి 84 మందిలో పొయ్యి ఆరిపోయింది. వీరిని చీట్లు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి నాలుగు మందులూ కొనసాగించారు. రెండో జట్టుకి బ్లియోమైసిన్ మానేసి మూడే ఇచ్చారు. మూడేళ్ళ తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు మొదటి జట్టులో నూటికి 85.7, రెండో జట్టులో 84.4. దాదాపు సమానం. ఊపిరితిత్తుల బాధలు మాత్రం రెండో జట్టులో తక్కువ. పొయ్యి ఆరనివారికి ఇంకా గట్టి మందులు ఇస్తే, వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మూడేళ్ళకు జబ్బు ముదరకుండా ఉన్నారు. ఇందాకటి 13తో దీన్ని పోల్చాలని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కాని ఆ రోగులు వేరు, ఈ రోగులు వేరు. నేరుగా తీసివేత లెక్క చేయకూడదు.

ఇదొక్క జబ్బుకే కాదు. జర్మనీలో మ్యూనిక్ వైద్యులు అన్నవాహిక, జీర్ణకోశం కలిసే చోట వచ్చే కాన్సరు మీద ఇదే పద్ధతి ప్రయోగించారు. మందు మొదలుపెట్టిన రెండు వారాలకే స్కాను తీసి, గడ్డ తీసుకునే చక్కెర నూటికి 35 వంతులైనా తగ్గిందా అని చూశారు. 110 మందిలో 54 మందికి తగ్గింది; వారికి మందు కొనసాగించి తర్వాత ఆపరేషన్ చేశారు. మిగతా 56 మందికి ఆ మందు వృథా అని ఆపేసి, వెంటనే ఆపరేషన్‌కి తీసుకువెళ్ళారు. 2007లో వచ్చిన ఈ ఫలితం నన్ను ఆలోచింపజేసింది. సగం మందికి పైగా, పనిచేయని మందును ఇంకా నెలల తరబడి భరించే బాధ తప్పింది.

పొయ్యిని కాక గోడల్ని చూసే పద్ధతీ ఒకటి ఉంది. ఎమ్.ఆర్.ఐ. యంత్రంతో గడ్డలోని నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో కొలుస్తారు. కణాలు కిక్కిరిసి ఉంటే నీటికి దారి ఉండదు. చచ్చి గోడలు కూలితే నీరు పారుతుంది. రొమ్ము కాన్సరులో దీన్ని పరీక్షించి చూస్తున్నారు.

పెట్ కూడా పొరబడుతుంది

చక్కెర తినేవన్నీ కాన్సరు కావు. మీ మెదడు ఇప్పుడు ఈ వ్యాసం చదువుతూ ఒంటికి కావలసిన శక్తిలో అయిదో వంతు తానే ఖర్చు పెడుతోంది. పెట్ స్కానులో అది జ్యోతిలా వెలుగుతుంది. వాడని దొంగ చక్కెర మూత్రంలో పోతుంది గనుక మూత్రాశయమూ వెలుగుతుంది. సూది వేశాక గంటసేపు రోగిని కదలకుండా, మాట్లాడకుండా పడుకోబెడతారు. వాగితే గొంతు కండరాలు, నమిలితే దవడలు వెలుగుతాయి. చలిగా ఉంటే మెడదగ్గర గోధుమరంగు కొవ్వు వేడి పుట్టించడానికి చక్కెర తాగి, అక్కడ గడ్డలున్నాయేమోనని భ్రమ కల్పిస్తుంది. అందుకే దుప్పటి కప్పుతారు. కనీసం నాలుగైదు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. చక్కెర జబ్బు ఉన్నవారి రక్తంలో అసలు చక్కెర ఎక్కువైతే దొంగ చక్కెరకి చోటు దొరకదు. ప్రోస్టేటు కాన్సరు వంటివి కొన్ని చక్కెర మీద పెద్దగా ఆశపడవు. వాటి విషయంలో ఈ పరీక్ష అంతగా అక్కరకు రాదు.

మన దేశంలో అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది క్షయతో. క్షయ సోకిన గ్రంథిలో రక్షక కణాలు గుంపుగా చేరి చక్కెర తింటాయి. స్కానులో అదీ కాన్సరులాగే వెలుగుతుంది. మెడ గ్రంథులకు క్షయ రావడం మన దగ్గర అరుదు కాదు. మందు పనిచేయలేదనుకుని గట్టి విషం లాంటి మందులు మొదలుపెట్టేముందు, సందేహం ఉంటే సూదితో కొంచెం ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. యంత్రం ఎంత గొప్పదైనా, చివరి మాట కొన్నిసార్లు ఆ పాత గాజుపలకదే.

ఇంకొకటి. ఈ స్కాను ఖరీదైనది. కొంత రేడియేషన్ కూడా ఒంటికి తగులుతుంది. ఆత్రం కొద్దీ వారం వారం తీసే పరీక్ష కాదు.

ఈ సంగతులన్నీ రెండు రోజులు తరగతిలో చెప్పాను. ఆ అమ్మాయి పిన్నికి రెండో విడత అయ్యాక స్కాను ఉందని అప్పుడే చెప్పింది. "ఆ పూట మా చంటి తమ్ముణ్ణి పిన్ని ఎత్తుకోవచ్చా?" అని అడిగితే, అర్ధాయువు లెక్క బోర్డుమీద వేయించాను. పదకొండు గంటలకు ఆరు అర్ధాయువులు. ఎంత మిగులుతుంది? అరవై నాలుగో వంతు. తెల్లారాక ఎత్తుకుంటే సరి అని తేల్చింది. డాక్టరును కూడా ఒక మాట అడగమన్నాను.

పది రోజుల తర్వాత ఉదయం ప్రార్థన అవుతుండగా వరసలోంచే నావైపు రెండు వేళ్ళు చూపించింది. నాకు ముందు అర్థం కాలేదు. వరస కదిలాక దగ్గరకొచ్చి, "రెండు మార్కులొచ్చాయి మాష్టారూ! పిల్లి పొయ్యిలోనే ఉంది. గడ్డ మాత్రం ఇంకా చేతికి తగులుతూనే ఉందట" అంది. నాలుగు మందుల్లో ఒకటి మానేశారట. మిగతా మూడూ ఇంకా నాలుగు నెలలు ఎక్కించాలి.